రెండో వరస

మా క్లబ్బు ఆర్కెస్ట్రాలో పదకొండుమందిమి ఉండేవాళ్ళం. పదకొండుమందీ వాయించేది ఒకటే వరస. హార్మోనియం ఎటు పోతే వయొలిన్లు అటు, వయొలిన్లు ఎటు పోతే క్లారినెట్ అటు. ఎవరైనా పక్కకి జరిగారంటే తప్పు వాయించినట్టే లెక్క. డెబ్బైల చివర్లో, ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని ఊరంతా ఉద్యోగాల కబుర్లు చెప్పుకునే రోజుల్లో, హార్బరుకి దగ్గరగా ఉన్న ఒక రేకుల హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం చేరేవాళ్ళం. సినిమా పాటలు, దేశభక్తి గీతాలు, చవితి పందిళ్ళకి రెండు మూడు భక్తి పాటలు. అంతకు మించి మాకు రాదు, రావాలని ఎవరూ అనుకోనూ లేదు.

నేను టెలిఫోన్ ఆపరేటరుని. వయొలిన్ మాత్రం పన్నెండేళ్ళు ఒకే గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతి ఆర్కెస్ట్రాలో ప్రతివాళ్ళకీ నాలుగేసిసార్లు చెప్పి ఉంటాను. నాకు టెక్కు ఎక్కువని వెనకాల అనుకునేవారట. అబద్ధమేం కాదు. అయితే ఇలా క్లబ్బులో సినిమా పాటలు వాయిస్తున్నానని గురువుగారికి మాత్రం చెప్పలేదు. ఆయన దగ్గర నా టెక్కు సాగేది కాదు.

మా హార్మోనియం ఆయన్ని అందరూ మేస్త్రి గారు అనేవాళ్ళం. చేపల వేటకి పోయే ఇనప పడవల్ని బాగుచేసే ఒక చిన్న షెడ్డులో, పడవల అడుగున పట్టిన తుప్పుని సుత్తులతో కొట్టి రాల్చే ముఠాకి ఆయన పెద్ద. పాతికేళ్ళుగా అదే పని, అదే చప్పుడు. జ్ఞానాపురంలో ఇల్లు. ఆదివారం పొద్దున చర్చిలో హార్మోనియం, సాయంత్రం మా దగ్గర హార్మోనియం. ఎవరైనా పలకరిస్తే తల తిప్పి ఎడమ చెవి ఇటు పెట్టేవారు. కుడి చెవి అప్పటికే పూర్తిగా పోయింది.

ఒక వారం ఆయన కొత్త పాట పట్టుకొచ్చారు. మాటలు లేవు, ఉత్త వరస. తన సొంతమట. హార్మోనియం మీద వాయించి వినిపిస్తే అందరికీ నచ్చింది. శంకరాభరణానికి దగ్గరగా, తేలికగా, ఒకసారి వింటే నోటికి వచ్చేసేలా ఉంది. తర్వాత ఆయన నన్నూ క్లారినెట్ ఆయన్నీ వేరే కూర్చోబెట్టారు. మిగతా అందరూ ఆ వరస వాయిస్తుంటే మేమిద్దరం దాని కింద ఇంకో వరస వాయించాలట. పాడి వినిపించారు. వాళ్ళు గ మీద నిలబడితే మేం స మీద నిలబడాలి, వాళ్ళు పైకి పోతే మేం కిందే ఉండాలి.

నాకు నవ్వొచ్చింది. "ఇది అపస్వరం మేస్త్రి గారూ. వినేవాళ్ళు మేం పాఠం మర్చిపోయామనుకుంటారు" అన్నాను.

క్లారినెట్ ఆయన పద్మనాభం నుంచి బస్సులో వచ్చే పెళ్ళి బ్యాండు మనిషి. ఆయనా తల అడ్డంగా ఊపాడు. "మా బ్యాండులో ఇలాగ వాయిస్తే పెళ్ళోరు బువ్వెట్టరు బావా."

 టీ వేళకి నేను అరుగు మీద ఉంటే మేస్త్రి గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆ రెండోది మా ఇంటిదమ్మా" అన్నారు. "నాను ఏ కూనిరాగం తీసినా దాని కింద ఇంకోటి అల్లీసేది. సర్చిలో నేర్సుకున్నాది. పొయ్యి కాడ కూకుని కూడా పాడేది. అది పోయి మూడేళ్ళయింది. నా బుర్రలో రెండూ కలిసే ఇనబడతన్నాయి గాని, బయట మరి ఇననేదు. ఈ ఎడం సెవి కూడా పోతాదన్నాడు డాక్టరు. ఏడాదో, రెండేళ్ళో. ఈలోగా ఒక్కపాలి ఇనాలి. అంతే."

 ఆ రోజే ఇంటికి పోయి రెండో వరసకి స్వరాలు రాసుకున్నాను.

రాసుకోవడం వేరు, వాయించడం వేరు. మూడు నెలలు తంటాలు పడ్డాం. రెండు గీతలు బాగానే పోయేవి, మూడో గీత దగ్గర మిగతావాళ్ళ పాట మమ్మల్ని లాక్కుపోయేది. పుట్టిన దగ్గర్నుంచీ నలుగురితో పాటు పోవడమే అలవాటైన చెవులు కదా. క్లారినెట్ ఆయన విసుగెత్తి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మేస్త్రి గారు చూసి, "బాగున్న సెవులకి దూదెట్టుకుంతన్నావు, అయి నాకిచ్చీరాదా బావా" అన్నారు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. ఈ పాటకి మాత్రం ఆయన హార్మోనియం ముట్టుకునేవారు కాదు. వినాలి కాబట్టి. మా ముందు నిలబడి ఎడమ చెవి ఇటు పెట్టేవారు. పాట చెదిరిపోగానే చెయ్యెత్తి, "మళ్ళీ" అనేవారు. ఒక్కరోజు కూడా కోప్పడలేదు.

క్లబ్బు వార్షికోత్సవానికి ఒక వారం ఉందనగా షెడ్డులోకి పెద్ద పడవ ఒకటి ఎక్కింది. ఆయనకి సెలవు దొరకలేదు. ఆ వారమంతా మేమే కూడి వాయించాం. శుక్రవారంనాడు, ఎలా కుదిరిందో గాని, మొదటి నుంచి చివరిదాకా పాట చెదరకుండా వచ్చేసింది. రెండు వరసలూ దేని దారిన అది పోతూనే, ఒక గుమ్మంలో కూర్చుని మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాల్లా కలిసి ఉన్నాయి.  క్లారినెట్ ఆయన చెవుల్లోంచి దూది తీసి, "అయితే ఇదన్నమాట" అన్నాడు.  నేను అపస్వరం అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం సాయంత్రం షామియానా పక్కన మేస్త్రి గారు కనబడగానే ఎదురెళ్ళి చెప్పాను. "వచ్చేసింది మేస్త్రి గారూ. మొదటి నుంచి చివరికి. ఇవాళ వినండి."

 ఆయన ఇస్త్రీ చొక్కా చేతులు సర్దుకున్నారు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

స్టేజీ ఎక్కి కూర్చున్నాక చూశాను, ముందు వరసలో ముఖ్య అతిథి కుర్చీలో మా గురువుగారు ఉన్నారు. క్లబ్బు సెక్రటరీ ఎవరినో పెద్దాయన్ని పిలిచానని చెప్పాడు గాని, ఎవరని నేను అడగలేదు.  మొదటి రెండు పాటలూ ఎలా వాయించానో నాకు తెలీదు.

మూడోది మేస్త్రి గారి పాట. ఆయన జనానికి వీపు పెట్టి మా ముందు నిలబడి చెయ్యెత్తారు. మొదటి చుట్టు అందరం కలిసి ఒకటే వరస. రెండో చుట్టులో నా వయొలిన్ కమానుతో రెండో వరస మొదలవ్వాలి. ఆయన భుజం పక్కనుంచి నాకు గురువుగారి చెయ్యి కనబడుతోంది, మోకాలి మీద తాళం వేస్తోంది. అందరూ గ మీద ఉండగా నేను స మీద నిలబడితే ఆయన ఏమనుకుంటారు? పన్నెండేళ్ళు నేర్పిన పిల్ల, సినిమా పాటల మధ్య కూర్చుని, స్వరం కూడా తప్పిందనుకుంటారు. నా చెయ్యి గ మీదే ఉండిపోయింది. చెయ్యి అని ఇప్పటికీ అంటాను గాని, తప్పు చేతిది కాదు, నాదే. క్లారినెట్ ఆయన నావైపు చూశాడు, సగం ఊపిరిసేపు ఆగాడు, ఆ వరస ఎత్తుకోవాల్సింది నేనే కాబట్టి నా వెనకే వచ్చేశాడు.

మేస్త్రి గారు తల వంచి ఎడమ చెవి నా వైపు పెట్టారు. ఒక అడుగు ముందుకు వేశారు. ఇంకో అడుగు వేశారు. కళ్ళు మూసుకున్నారు. పాట అయిపోయేదాకా అలాగే ఉన్నారు.

చప్పట్లు బాగానే కొట్టారు. గురువుగారు స్టేజీ మీదకి వచ్చి, తనకి కప్పిన శాలువా తీసి నా భుజాల మీద కప్పారు. "ఒక్క అపస్వరం పడలేదమ్మా" అన్నారు.

షామియానా వెనకాల మేస్త్రి గారు హార్మోనియానికి గుడ్డ చుడుతున్నారు.

"రెండోది బాగొచ్చిందామ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నారు. "నీ కమాను కదలడం సూసినాను. బావ బుగ్గలు సూసినాను. ఇనబడ్డాది మాత్రం ఒకటే. దగ్గిరికొచ్చినా ఇనబడనేదు. డాక్టరు ఏడాదన్నాడు గాని, అప్పుడే అయిపోనాది."

అప్పుడు చెప్పాలి. ఒక్క మాట చాలు, వచ్చేవారమే మళ్ళీ వాయించి వినిపించవచ్చు. శాలువా ఇంకా నా భుజాల మీదే ఉంది. "బాగా వచ్చింది మేస్త్రి గారూ" అన్నాను.

బస్టాపు దగ్గర క్లారినెట్ ఆయన నన్ను ఆపాడు. "తప్పు సేసినామమ్మా. సెప్పీమ్మా ఆయనకి."

"రేపు చెప్తాను" అన్నాను.

"రేపంటే రూపు లేదంతారు" అని బస్సెక్కేశాడు.

తర్వాతి ఆదివారం మేస్త్రి గారు రాలేదు. తన దగ్గరుండే హాలు తాళంచెవి సెక్రటరీకి పంపించేశారు. చర్చిలో కూడా హార్మోనియం మానేశారని విన్నాను. చెవుల్లేని మనిషికి పాటెందుకు అన్నారట. ఆ ఎడమ చెవి ఇంకో ఏడాదైనా పనిచేసేదే. ఉన్న చెవిని నేను మూసేశాను. చెప్పాలని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ జ్ఞానాపురం వంతెన దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాను. ఏమని చెప్తాను, మా గురువుగారి ముందు మీ భార్య పాట వాయించడానికి సిగ్గేసిందనా?

ఆర్కెస్ట్రా ఎంతోకాలం నడవలేదు. క్లారినెట్ ఆయన ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో కుదిరిపోయాడు. సెక్రటరీకి బదిలీ అయింది. ఐదేళ్ళకి, మేస్త్రి గారు మంచం పట్టారని తెలిసి ఈసారి వంతెన దాటాను.

వరండాలో నులక మంచం మీద పడుకుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి కూర్చున్నారు. చెవులు పూర్తిగా పోయాయి. చిన్నపిల్లల పలక ఒకటి, బలపం ఒకటి మంచం పక్కన పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళు రాస్తే ఆయన చదివి, పైకి మాట్లాడతారు. గొంతు మరీ పెద్దగా వస్తోంది.

నేను పలక తీసుకున్నాను. 'ఆ రోజు నేను' అని రాశాను.

ఆయన తొంగి చూసి నవ్వారు. "ఆ రోజే మరి. నాను రోజూ తలుసుకుంతన్నాను. నాకు ఇనబడకపోతే ఏటి, నువ్వు వాయించినావు కదా. ఊరోళ్ళందరూ ఇన్నారు. మా ఇంటిది పాట నలుగురి సెవుల్లో పడ్డాది. నాకది సాలమ్మా."

బలపం నా చేతిలోనే ఉంది. రాసిన మూడు మాటల కింద బోలెడు చోటు ఉంది. ఆయన చదవడానికి ఎదురు చూస్తున్నారు. అరచేత్తో పలక తుడిచేసి, 'ఔను, అందరూ విన్నారు' అని రాసి ఇచ్చాను. ఆయన పైకి రెండుసార్లు చదువుకుని, పలకని తుడవకుండా తలగడ పక్కన పెట్టుకున్నారు.