ఎర్రనీరు చూడ్డానికి తాడేపల్లి వెళ్లిన రోజు

మిరప నారు ముదిరిపోతోంది. ఇంకో వారం దాటితే నాటినా పట్టదు. వానల్లేవు. కాలువలో కప్పలు కూడా ఊరు ఖాళీ చేశాయి. కృష్ణకు పైనుంచి కొత్తనీరు వస్తేనే కాలువ వదులుతారు. అందుకని ఏటా ఒకణ్ణి తాడేపల్లి పంపి, ఏరు ఎర్రబడిందో లేదో చూసి రమ్మనడం మా ఊరి అలవాటు. ఆ ఏడు నన్ను పంపారు. ఐదో తరగతి దాటనివాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవడిస్తాడు?

"ఒరేయ్, చూసింది చూసినట్టు చెప్పు. నీ మసాలా కలపకు," అన్నాడు మా సుభాని బావ. కౌలుకు తీసుకున్న రెండెకరాలకూ ఆయనకున్నది ఒక్కటే నారుమడి.

రెండు మైళ్లు నడిచి ప్రత్తిపాడులో ఆరింటి బస్సు, గుంటూరులో ఎనిమిదిన్నర రైలు పట్టుకున్నాను. ఎదురుగా సెలవు మీద ఇంటికొస్తున్న సిపాయి కూర్చున్నాడు. నేను వెళ్తున్న పని విని ఆయన తన కబురు చెప్పాడు. కాశ్మీరు కొండల్లో మంచులోకి గొట్టం దించి, ఆ మంచును తూచి, ఎండాకాలం ఏటికి ఎంత నీరొస్తుందో ముందే చెప్పేస్తారట.

"మరి మీరెలా చెబుతారు?" అన్నాడు.

"మా కృష్ణకి మంచు లేదండీ. పడమటి కొండల మీద వాన పడాలి. మాకు తూకాలెందుకు, రంగు చూసి చెప్పేస్తాం!"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను ఇంకాస్త పొంగాను.

పదిన్నరకు తాడేపల్లిలో దిగి రేవుకు నడిచాను. ఏరు కారం కలిపినట్టు ఎర్రగా ఉంది. రోడ్డు మీదికొస్తే ప్రత్తిపాడు వెళ్లే పత్తి లారీ ఆగి ఉంది. డ్రైవరు మా ఊరివాడే.

"అన్నా! కొండనీరు దిగిందని మా బావకు చెప్పు. నాటెయ్యమను!"

లారీని సాగనంపి, హోటల్లో సుష్టుగా భోంచేశాను.

రెండింటికి, నా చూపు గొప్ప చెప్పుకుందామని, నీటిమట్టం రాసుకునే గుమస్తాగారి గదికి వెళ్లాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"అది పక్కనుంచి కృష్ణలో కలిసే మున్నేరు నీరయ్యా. ఖమ్మం వైపు ఒక జల్లు పడింది. రేపటికి తగ్గిపోతుంది."

"మరి కొండనీరండీ?"

"అక్కడ వాన పడితే మాకు తంతి వస్తుంది. రాలేదు. వచ్చాక కూడా నీళ్లు ఇక్కడికి చేరడానికి రోజులు పడతాయి. మీవాళ్లు నాటలేదు కదా?"

స్టేషనుకు పరుగెత్తాను.

మా ఊరికి తంతి లేదు. మూడింటి రైలెక్కాను. మీలో ఎవరైనా ఏరు చూడ్డానికి వెళితే ముందు ఆ గుమస్తా గదికి వెళ్లండి, రేవు తర్వాత. మంగళగిరిలో చీరల మూటతో ఎక్కిన నేతాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమయ్యా, రైలును నువ్వే లాగుతున్నట్టు వంగి కూర్చున్నావు?"

ఇంకో రోజయితే ఆ మాటకి నాలుగు తిరిగిచ్చేవాణ్ణి.

చేలోకి వెళ్లేసరికి ఆరున్నర. నారుమడి ఖాళీ. మా అక్క బావిలోంచి తోడుతోంది, చేదలో సగం బురదే. బావ మొక్కకొక చెంబు చొప్పున పోస్తున్నాడు.

"నీరు ఎప్పుడొస్తుందిరా?"

"కొండల మీద ఇంకా వానే పడలేదంట బావా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంబు నా చేతికిచ్చి, "ఆ చివర్నించి నువ్వు పొయ్యి," అన్నాడు. ఆ చివర మొక్కలు అప్పటికే తలలు వాల్చేశాయి. అయినా పోశాను.