శ్యామలాంబగారి తాబేలుకు రెక్కలొచ్చాయి

మా తణుకు బజారులో శ్యామలాంబగారి పచారీ కొట్టు తెలియనివాళ్లు లేరు. నేను తెలియనివాళ్లూ లేరనుకోండి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, నీటి సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్నయ్యాను. పేట కాలువ మీద వంతెన నా హయాంలోదే. అయినా సాయంత్రమయ్యేసరికి పిల్లలు వంతెన చూడటానికి రారు, ఆవిడ కొట్టు అరుగెక్కుతారు.

కారణం ఒక బొమ్మల పుస్తకం. పేరు ‘తాబేలు మోసిన ఊరు’. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు కొనిపెట్టింది. బొటనవేలంత మనుషులుండే ఊరిని ఒక ముసలి తాబేలు వీపు మీద మోస్తూ గోదావరి దాటుతుంది. అవతలి గట్టున మింగడానికి రాక్షసుడు కాచుకుని ఉంటాడు. తాబేలు ఎంత నెమ్మదిగా వస్తుందంటే, ఎదురుచూసి ఎదురుచూసి వాడికి నిద్ర పట్టేస్తుంది. ఊరు చప్పుడు చేయకుండా వాడి పక్కనుంచే వెళ్లిపోతుంది. పప్పులు తూస్తూ ఆవిడ ఈ కథ చెబుతారు, పిల్లలు ‘ఊ’ కొట్టాలి. ఊ కొట్టకపోతే తాబేలు ఆగిపోతుంది. అది ఆ కొట్టు చట్టం.

ఈ ఏడు దాన్ని సినిమా తీశారు. ఆవిడ సంబరపడిపోయి, బేరం మానుకుని, పిల్లలందరినీ వెంటబెట్టుకుని బయలుదేరారు. హాలు ముందు తాబేలు కటౌటు తాటిచెట్టంత ఉంది, నల్ల కళ్లద్దాలతో. కుర్రాళ్లు దానికి పాలాభిషేకం చేస్తున్నారు. మొదటి ఆటకు కొబ్బరికాయ కొట్టింది నేనే. ఫ్లెక్సీలో తాబేలు పక్కన నా ఫొటో కూడా వేశారు, దానికంటే కాస్త పెద్దదే.

“బాబాయిగారూ, తాబేలు రెండు కాళ్ల మీద నిలబడిందేంటండీ?” అన్నారావిడ.

“హీరో కదమ్మా. నాలుగు కాళ్ల మీదుంటే ఈల ఎవడేస్తాడు?” అన్నాను.

లోపల తాబేలుకు ఫ్లాష్‌బ్యాక్ ఉంది, మంచుకొండల్లో డాన్సుంది. శ్యామలాంబగారు అలవాటుకొద్దీ “ఊ, ఊ” అంటూనే ఉన్నారు. తెర ఆవిడ కోసం ఆగలేదు. గోదావరి దగ్గరికొచ్చేసరికి తాబేలు వీపులోంచి రెక్కలు తన్నుకొచ్చాయి. రివ్వున ఎగిరి రాక్షసుణ్ని పేల్చేసింది. వీపు మీది ఊరు ఏమైందో దర్శకుడికి గుర్తు లేదు. పిల్లలు కుర్చీలెక్కి గోల చేశారు. ఆవిడ ఊ ఎక్కడ ఆగిందో నేను గమనించలేదు. కొబ్బరికాయ కొట్టినవాణ్ని, నాకు చప్పట్ల పని ఉంది.

బయటికొచ్చాక ఒక్క మాటే అన్నారు. “రేపు నా తాబేలు నడిస్తే వీళ్లు వింటారాండీ?”

మర్నాడు సాయంత్రం కందిపప్పు నెపంతో నేనూ వెళ్లాను. పిల్లలు అరుగెక్కారు.

“తాబేలు ముందరి కుడికాలు నీళ్లలో పెట్టింది,” అని ఆవిడ మొదలుపెట్టారు.

“రెక్కలెప్పుడొస్తాయి మామ్మా?” అంది పక్క బట్టల కొట్టువాళ్ల లక్ష్మీప్రసన్న.

“రావు.”

ఎవరూ ఊ కొట్టలేదు. ఆవిడ కథ ఆపేసి, చేట తీసుకుని మినుములు చెరగడం మొదలెట్టారు. చూడలేక నేనే “ఊ” అన్నాను.

“మీది చెల్లదండీ. మీరు కొబ్బరికాయ కొట్టారు.”

వంతెన వేయించినవాణ్ని, కోపం రావాలి. అయినా పప్పు సంచీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

“మామ్మా, సినిమాలో వీపు మీద ఊరు పడిపోయి ఉంటుంది కదా,” అంది లక్ష్మీప్రసన్న. “నీ దాంట్లో ఉందా?”

“ఉంది. పొయ్యిల మీద అన్నాలు కూడా ఉడుకుతున్నాయి. అందుకే మెల్లిగా నడుస్తోంది. గంజి తొణక్కూడదుగా.”

లక్ష్మీప్రసన్న కాళ్లు ముడుచుకుని సర్దుక్కూర్చుంది. “ఊ,” అంది.

ఆవిడ చేట పక్కన పెట్టారు. తాబేలు రెండో కాలు నీళ్లలో పెట్టింది.