చివరిగా ఏమన్నాడు?

మొన్న శనివారం మా మనవడు స్కేటింగ్ చేస్తూ ఐస్ మీద వెల్లకిలా పడి, లేచి బట్టలు దులుపుకుని, నా ముఖం చూసి నవ్వుతూ "ఐయామ్ ఫైన్, అమ్మమ్మా" అన్నాడు. వాడికి నిజంగానే ఏమీ కాలేదు.  అయినా ఆ నవ్వు చూశాక ఆ పూటంతా వాణ్ణి కళ్లెదుటే కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉన్నాను. నా ఈడువాళ్లు దీన్ని చాదస్తం అనుకోవచ్చు గానీ, ఉద్యోగజీవితమంతా నేను చదివింది అలాంటి నవ్వుల గురించే.

టొరంటోలో ఒక ఆసుపత్రిలో, మెదడుకు దెబ్బ తగిలినవారిని ఉంచే ఇంటెన్సివ్ కేర్‌లో పరిశోధకురాలిగా పనిచేశాను. దెబ్బ తగిలాక కాసేపు బాగానే మాట్లాడి, ఆ తర్వాత స్పృహ తప్పినవారి గురించే నా పరిశోధన. పుర్రె లోపల చిట్లిన రక్తనాళం కారుతూ ఉంటుంది; మెదడు ఆ ఒత్తిడిని ఓర్చుకోగలిగినంతసేపు మనిషి మామూలుగానే ఉంటాడు, ఓర్పు అయిపోయాక ఒక్కసారిగా కూలిపోతాడు. బయట కూర్చున్న భార్యనో తండ్రినో పలకరించి, చివరిగా ఏమన్నాడు అని అడగడం నా పని. ఇంచుమించు అందరి జవాబూ ఒకటే: బాగానే ఉన్నాడండీ, నవ్వాడు కూడా. అది రాసుకుని కారెక్కి, ఇల్లు చేరేదాకా ప్రార్థించుకునేదాన్ని.

నేను రిటైరవడానికి కాస్త ముందు, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌కు మన పిల్లలు చదువులకు వెల్లువలా వచ్చిన ఏళ్లవి. మా తెలుగు క్రైస్తవ సంఘం తెల్లవాళ్ల చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని కూడుకునేది. చవగ్గా అద్దెకుండే బేస్‌మెంట్ల నుంచి గుంపులుగా వచ్చేవారు ఆ పిల్లలు, కొందరు వేర్‌హౌస్ షిఫ్టు దిగి, బూట్లకు మంచు అంటుకునే ఉండగా. పాటల్లో గొంతు కలిపి, ప్రసంగంలో కునికిపాట్లు పడి, ఆరాధన తర్వాత పెట్టే బిర్యానీ తిని వెళ్లేవారు. నిద్ర చాలని ఆ ముఖాలను చూస్తే నాకెందుకో గుబులుగా ఉండేది.

ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో, కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి నిలబడ్డాడు. ఆపద తప్పినవారు సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం మాలో ఆచారం; చెబుతుండగా ఎవరూ అడ్డు తగలరు. పొద్దున షిఫ్టు దిగి వస్తూ యార్డులో మంచు మీద జారానని, కణత లారీ ట్రెయిలర్ అంచుకు కొట్టుకుందని, కాసేపు ఏమీ తెలియలేదని, లేచి చూసుకుంటే చిన్న బొప్పి తప్ప ఇంకేమీ లేదని చెప్పి నవ్వాడు. హాలంతా స్తోత్రం అంది. నేను వాడి కణత వంకే చూస్తున్నాను.

పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. వాడు కుర్చీలో కూలబడి ఎడమ కణత అదుముకుంటున్నాడు. ఒళ్లోని పాటల పుస్తకం జారిపడితే తీసుకోబోయి, కుడిచేతికి పట్టు దొరకక మళ్లీ మళ్లీ తడుముతున్నాడు. ప్రార్థన మధ్యలోనే లేచి వెళ్లి, వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని కళ్లలోకి చూశాను. ఎడమ కంటిపాప కుడిదానికంటే పెద్దదిగా తెరుచుకుని ఉంది; పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతోందనడానికి గుర్తది. అంబులెన్సుకు ఫోన్ చేయమని మావారికి వినబడేలా చెప్పాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దాంటీ. ఎక్కడ పడ్డవని అడుగుతరు. స్టూడెంట్ వీసా మీద పనిజేసే అవర్స్ దాటినయ్, వీసాకు దెబ్బైతది."

"హాస్పిటల్లో వీసాలు ఎవరూ అడగరు నాన్నా."

"నాకేం గాలే. జర తలనొస్తుంది, గంతే. బిర్యానీ తిన్నంక పోదాం, ఇయ్యాల మటన్ గద."

ప్రార్థన ఆగిపోయింది. పాస్టరమ్మగారు దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, బాధగానే అన్నారు: "దేవుడు కాపాడాడని వాడే చెబుతుంటే, ఇంకా అనుమానమేంటక్కా?" కాపాడాడు గనుకే వీణ్ణి బేస్‌మెంటులో పడుకోనివ్వకుండా మన మధ్యకు తెచ్చాడమ్మా అన్నాను. ఆవిడ తన శాలువా తీసి వాడి భుజాల మీద కప్పారు.

సైరన్ వినబడేసరికి వాడి మాట ముద్దముద్దగా అయి, ఆగిపోయింది. స్ట్రెచర్ ఎక్కిస్తూ అంబులెన్సు అమ్మాయి నన్నడిగింది, చివరిగా ఏమన్నాడు అని. ఎందరినో నేనడిగిన ప్రశ్న నామీదికే వచ్చింది. భోజనం చేశాక వెళ్దామన్నాడు అని మాత్రం చెప్పగలిగాను.

వేళకు పుర్రె తెరిచి రక్తపు గడ్డ తీశారు. బతికాడు. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు కరీంనగర్‌లో వాళ్లమ్మ దగ్గరే ఉంటున్నాడు; ఆవిడ వీడియోకాల్ చేసినప్పుడు నన్ను చూసి నవ్వుతాడు, ఒక మాట కోసం చాలాసేపు వెతుక్కుని, దొరక్క ఊరుకుంటాడు. ఆ తల్లి దేవునికి స్తోత్రం అంటుంది. నేనూ అంటాను, మనసారానే అంటాను.

చిన్నప్పుడు మా అమ్మ పక్కన చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంటే, లోకమంతా దేవుడి చేతుల్లో భద్రంగా ఉందనిపించేది. ఆయన చేతుల మీద నాకు నమ్మకం ఈనాటికీ సడలలేదు గానీ, ప్రార్థనలో కళ్లు మూసుకునే అలవాటు ఆ ఆదివారంతో పోయింది. తలలు వంచినవారి వంక, ఒక్కొక్కరి చేతుల వంక చూస్తూనే ఉంటాను. ఇప్పుడు వీసాలు తగ్గాయి, ఆ పిల్లలు తలో ఊరూ పట్టుకుని పోయారు; హాలులో మిగిలినవన్నీ మా వయసు తలలే. ఏ ఊళ్లో, ఏ బేస్‌మెంటులో, ఎవరు నాకేం కాలేదని చెప్పి పడుకుంటున్నారో, వాళ్లను చూసే కళ్లు అక్కడ ఉన్నాయో లేదో.