కరెంటు లేని బట్టీ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మీటర్లో ముల్లు ఎంత చూపిస్తే అంతే వేడి అనుకుంటూ బతికినవాణ్ణి. ఎవరైనా దెయ్యం కబుర్లు మొదలెడితే, దానికి ఏ షిఫ్టు డ్యూటీ అని ఏడిపించేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నన్నూ అలాగే ఏడిపిస్తారేమో, ఏడిపించండి.

ఎనభైల మొదట్లో మాట. మా అన్నయ్య జంషెడ్‌పూర్‌లో ఫర్నేస్ ఉద్యోగం మానేసి, ఆదిత్యపూర్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. గాజుతో పళ్ళాలూ బొమ్మలూ చేసే కళాకారుల కోసం చిన్న చిన్న ఎలక్ట్రిక్ బట్టీలు తయారుచేసేవాడు. కలకత్తా నుంచి, రాంచీ నుంచి వచ్చి కొనుక్కునేవారు. ఆదివారాలు అక్కడే వాళ్ళకి పని కూడా నేర్పేవాడు. వైరింగంతా నాది.

గాజు ముక్కలు పేర్చి బట్టీలో పెడితే కరిగి అతుక్కుంటాయి. అది సులువే. కష్టమంతా చల్లార్చడంలో ఉంది. గబుక్కున చల్లారిందా, పగిలి ఊరుకుంటుంది. అప్పట్లో మా బట్టీలకి ఆటోమేటిక్ ఏమీ లేదు. మనిషి స్టూలు వేసుకుని పక్కన కూర్చోవాలి. ముల్లు పడిపోతుంటే స్విచ్ వెయ్యాలి, పైకి పోతుంటే ఆపాలి. అలా గంటలకి గంటలు. అన్నయ్య దాన్ని కాపలా అనేవాడు. ఇద్దరం వంతులేసుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం కాపలా వంతు నాది. ఆ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని, ముందురోజే అన్నయ్యని బతిమాలి ఒప్పించాను. తీరా నేను బయల్దేరే వేళకి, ఛాతీ పట్టేసినట్టుందిరా అన్నాడు. గ్యాస్ అయివుంటుంది, సోడా తాగు అని చెప్పి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి స్టూలు పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. బట్టీ ఇంకా వేడిగానే ఉంది.

వంతు నాదని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

పదో రోజు భుయ్యాడీహ్ దగ్గర, సువర్ణరేఖ ఒడ్డున, వదిన చేతి గాజులు పగలగొట్టారు. ఆకుపచ్చవీ, ఎర్రవీ. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాడవాళ్ళు ఆ ముక్కలు ఏట్లో కలిపెయ్యమంటే వదిన వినలేదు. ఏరుకుని కొంగున ముడేసుకుంది. వాళ్ళు తిట్టినా ఆ ముడి విప్పలేదు.

నెల తరవాత ఒకరోజు, ఎప్పట్లాగే సీతారాండేరాలో వాళ్ళింటికి అన్నానికి వెళ్తే ఆ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ అన్నియ్య బట్టీలో కరిగించి ఓ పల్లెం సేసియ్యి బాబూ. ఏట్లో పారెయ్యడానికి నాకు సేతులు రానేదు."

పళ్ళెం చెయ్యాలంటే ముక్కల అడుగున కిటికీ అద్దం పలక ఉండాలి. కానీ గాజుల ముక్కలకి కిటికీ అద్దంతో పడదని అన్నయ్య ఆదివారం పాఠాల్లో మొదటి రోజే చెప్పేవాడు. చల్లారేటప్పుడు రెండూ ఒక్కలా ముడుచుకోవు. పళ్ళెం పగులుతుంది. ఆ మాట వదినకి చెప్పలేకపోయాను. పగిలితే ఆవిడ గాజులు రెండోసారి పగలగొట్టినవాణ్ణి నేనే అవుతాను. బాగా నెమ్మదిగా చల్లారిస్తే నిలుస్తుందేమోనని ఒక చిన్న ఆశ. ఈసారి మాత్రం ప్రాణం పోయినా స్టూలు మీంచి లేవకూడదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య వాడే చిన్న బట్టీలో అద్దం పలక పెట్టి, దాని మీద ముక్కలన్నీ పేర్చాను. మధ్యాహ్నానికి కరిగాయి. కాపలాకి కూర్చుని ఇరవై నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట. రేపు సాయంత్రం దాకా రాదన్నారు.

అది పలచటి గోడల బట్టీ. కరెంటు లేకపోతే చూస్తూండగానే వేడి దిగిపోతుంది. స్టూలు మీదే తల పట్టుకుని ఏడ్చాను. లోపల టిక్కుమని గాజు పగిలే చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను.

చప్పుడు రాలేదు. మీటర్ చూస్తే ముల్లు ఐదు వందల డిగ్రీల దగ్గర నిలబడి ఉంది. ఆ మీటర్‌కి కరెంటు అక్కర్లేదు, బట్టీ వేడికే కదులుతుంది. తట్టి చూశాను, బాగానే ఉంది. అనుమానంతో మెయిన్ స్విచ్ కూడా తీసేశాను. ముల్లు గంటసేపు అక్కడే ఉండి, తరవాత ఎవరో కొలిచి దింపుతున్నట్టు కొంచెం కొంచెంగా దిగడం మొదలెట్టింది. అరగంటకోసారి సుద్దముక్కతో గోడ మీద అంకె రాశాను.

పక్క షెడ్డులో లేత్ మీద పనిచేసే మహతో టీ తెచ్చాడు. బట్టీ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "లైన్ తో హై నహీ భయ్యా, గరమ్ కైసే హై?" అన్నాడు, కరెంటు లేకుండా వేడిగా ఎలా ఉందని. నాకూ తెలీదన్నాను. టీ అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ రోజు మా షెడ్డు వైపు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి బట్టీ చల్లారింది. అప్పటికీ కరెంటు రాలేదు. వదినకి కబురు పెట్టి, ఆవిడ వచ్చాకే మూత తీశాను. పళ్ళెం ఒక్క బీట లేకుండా ఉంది. ఆకుపచ్చా ఎరుపూ అలాగే మెరుస్తున్నాయి. తరవాత అన్నయ్య నోటుబుక్కు తీసి, మందపాటి గాజు చల్లార్చడానికి రాసుకున్న పేజీ చూశాను. గోడ మీది అంకెలూ ఆ పేజీలోవీ ఒకటే.

కరెంటు పోయిన సంగతీ ముల్లు సంగతీ వదినకి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది.

"ఆ పొద్దు నీ వంతుకి కూకున్నారు. ఈ పొద్దూ నీ వంతుకే కూకున్నారు," అంది.

వంతు నాదని ఎవరు చెప్పారన్నాను.

"తమ్ముడికి మేచ్ ఉందట, ఈయాల నేనే కూకోవాల అని సెప్పే ఎల్లేరు బాబూ. నాకు తెల్దేటి?"

అన్నీ తెలిసే, ఆ నెల్లాళ్ళూ గాజుల్లేని ఆ చేత్తోనే నాకు అన్నం పెట్టింది. ఒక్క మాట అనలేదు. అక్కడే, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను.

వదిన పోయేదాకా అన్నయ్య కళ్ళజోడు ఆ పళ్ళెంలోనే పెట్టుకుంది. ఇప్పుడు రెండూ నా దగ్గరున్నాయి. బట్టీకి ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. మీటర్ పాడైందని సరిపెట్టుకుందామంటే పళ్ళెం ఎదురుగా ఉంది. దాన్ని తుడిచినప్పుడల్లా, తప్పయిపోయింది అన్నయ్యా అంటాను. వినేవాళ్ళెవరూ లేరని నాకు తెలుసు. అయినా అంటాను.