ఎడమకు లాగే జీపు

మా ముత్తాత సూర్యనారాయణ భూపతి పార్వతీపురం వైపు పన్నెండు ఊళ్ళకు దొర. తాత అప్పలనరసింహ భూపతి మూడు ఊళ్ళకు దొర. మా నాన్న ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకు దొర. ఆ జీపును నాగాయలంక రొయ్యల రైతు ఒకాయన, చెరువు గట్ల బురదలో తిరగడానికి కొంటానని అడిగాడు. స్టీరింగు ఎడమకు లాగుతుంటే కొనడేమోనని దారిలో గుడివాడలో ఒక మెకానిక్ దగ్గర ఆపాను.

"అలైన్‌మెంట్ చెయ్యి" అని ఆజ్ఞాపించాను.

"చూద్దాం మావయ్యా, కూర్చోండి" అన్నాడు.

మా వైపు నన్ను బాబుగారూ అంటారు. ఈ యాభై ఏళ్ళవాడికి నేను మావయ్యనెలా అయ్యానో తెలియలేదు. కూర్చున్నాను.

అతను ముందు టైర్లు అటూ ఇటూ మార్చి తోలి చూశాడు. అయినా ఎడమకే లాగింది. చక్రాల పక్కన దారం పట్టి చూశాడు. తిన్నగానే ఉన్నాయి. చివరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య జానతో కొలిచి నవ్వాడు. ఎడమవైపు బండి నాలుగు వేళ్ళు కిందికి ఉంది.

"ఎడమ సీట్లో ఎవరు కూర్చునేవారండీ?"

"మా తాత. తర్వాత నాన్న. మొన్నటిదాకా నేను."

"పుష్టిగల వంశమండీ! ఆ పక్క స్ప్రింగు పట్టీలు కుంగిపోయినయ్. డ్రైవరు మాత్రం బక్కోడు, అవునా?"

అవును. మా వంశంలో స్టీరింగు పట్టిన మొదటివాణ్ణి నేనే, అదీ డ్రైవరు మానేశాక.

"కొత్త పట్టీ వేస్తానండి. వద్దంటే ఇంకో ముప్పై ఏళ్ళు మీరే తోలండి మావయ్యా, కుడిపక్కా కుంగి సమానమైపోద్ది."

పట్టీయే వేయించాను. నాగాయలంక దాకా జీపు తిన్నగా నడిచింది. ఆ సాయంత్రమే అక్కడ దాన్ని అమ్మేశాను.