మా వీధి నేసిన చొక్కాలు

మొన్న ఓర్వకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు వాలీబాల్ ఆడే కుర్రాళ్లు బిలబిలమంటూ ఎక్కారు. వాళ్ల వీపుల మీద ప్లాట్లు అమ్మే కంపెనీ పేరు, ఒంటి నిండా అప్పుడే కవరులోంచి తీసిన పాలిస్టర్ బట్ట వాసన. ఆ వాసనకు ముక్కు చిట్లించుకుంటూనే నేను కడప జిల్లాలోని మా మగ్గాల వీధికి, గంజి వాసనకు వెళ్లిపోయాను.

తెల్లవారుతూనే వీధి పొడవునా గుంజలు పాతి, వాటి మధ్య నూలు పోగులు సాగదీసి గంజి పట్టించేవాళ్లు. పోగులు ఆరి ఇళ్లలోకి చేరాక, సాయంత్రం ఆ గుంజలకే వల కట్టి మగవాళ్లు వాలీబాల్ ఆడేవాళ్లు. పొద్దంతా గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనుషులు అంతెత్తు ఎలా ఎగిరేవాళ్లో! జట్టుకు మా నాయనే కెప్టెన్. అమ్మ అరుగు మీద నూలు కండెలు చుడుతూనే పాయింట్లు గట్టిగా చెప్పేది. మేం ఆడపిల్లలం బొరుగులు, వేయించిన శనక్కాయలు నములుతూ గొంతులు పోయేదాకా అరిచేవాళ్లం.

మా వైపు ఏ వ్యాపారం బాగా నడుస్తుంటే ఆటగాళ్ల వీపు మీద ఆ పేరే ఉండేది. ఒకప్పుడు శనక్కాయ నూనె మిల్లులవి, తర్వాత చీరల అంగళ్లవి. మా జట్టుకు చొక్కాలు కుట్టించేది మాకు నూలిచ్చి కూలికి చీరలు నేయించుకునే షావుకారే. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి, పల్లెల్లో చీర కొనే దిక్కు లేదు. ఉగాదికి ముందు షావుకారు పిలిపిస్తే నాయన చెయ్యి పట్టుకుని నేనూ వెళ్లాను.

"సరుకు కదల్లేదప్పా. నేత కూలి తగ్గిస్తాండా. చొక్కాలు మాత్రం ఎప్పటి మాదిరే కుట్టిస్తాలే," అన్నాడాయన.

"కూలి తగ్గించి, నీ అంగడి పేరు మోసుకొని ఆడమంటే ఎట్లన్నా? ఈసారి మా గుడ్డ మేమే నేసుకుంటాం," అని నాయన లేచాడు.

షావుకారు నూలు ఆపేస్తే ఇంట్లో సంగటికి కూడా కష్టమే. అమ్మ భయపడింది, అయినా కొంగు బిగించి ఇంటింటికీ తిరిగి మిగిలిపోయిన నూలు అడిగి తెచ్చింది. ఒకరింట ఎరుపు, ఒకరింట పసుపు, ఇంకొకరింట మాసిన నీలం. అవన్నీ కలిపి నేస్తే ఏ చారా ఇంకో చారను పోలని గుడ్డ వచ్చింది.

ఉగాది మరునాడు కోయిలకుంట్లలో పోటీలు. బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, ఓళిగల మూటతో మైదానానికి వెళ్లాం. మావాళ్లు దిగగానే, "లుంగీలు చింపి చొక్కాలు కుట్టుకున్నార్రో!" అని ఎవరో అరిచారు. జనమంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నాయన వెనక్కి తిరిగైనా చూడలేదు. ఎండ ముదిరేకొద్దీ అవతలివాళ్ల మెరుపు చొక్కాలు చెమటకు ఒంటికి అంటుకుపోయాయి, మా నూలుగుడ్డ మాత్రం చెమటంతా పీల్చేసింది. చివరి బంతిని నాయన గాల్లోకి లేచి కొట్టిన దెబ్బకు, నవ్విన జనమే తువ్వాళ్లు ఎగరేశారు.

ఆ ఊరి బట్టల వ్యాపారి ఒకాయన వచ్చి నాయన చొక్కా అంచు వేళ్లతో నలిపి చూశాడు. "ఏమప్పా, ఈ గుడ్డ యాడిది?"

"మా వీధిలో నేసిందే."

"శానా బాగుండాది. నాకు తాన్లు నేసిస్తారా?"

ఈ కబురు మాకంటే ముందే ఊరు చేరింది. మర్నాడు షావుకారే మా అరుగు దగ్గరికొచ్చి పాత కూలే ఇస్తానన్నాడు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది గానీ, నాయన మగ్గం దిగలేదు. ఆ వ్యాపారి ఇచ్చిన నూలుతో కోయిలకుంట్ల తాన్లు అప్పటికే మొదలుపెట్టేశాడు. నేను పెద్ద చదువులు చదివింది ఆ తాన్ల మీదే.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి, మా వీధిలో గుంటలు పూడ్చి గ్రానైటు పరిచారు. ఆడేవాళ్లు సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. ముసలితనంలో నాయన టీవీలో ఆటలు చూస్తుంటాడు. ఆటగాళ్లను వేలంలో కొంటారని చెబితే మొదట నమ్మలేదు. ఎవరు గెలిచారని ఇప్పటికీ అడగడు. "వీళ్లకు కూలి సరిగ్గా ఇస్తాండారా, పాపా?" అని అడుగుతాడు.