ఉన్ని చాపల వెనక కేక

కొండల్లో మా కోక్‌సాయ్ ఊరి బడిలో తుర్సునై భాష చెప్పేది, నేను పక్క గదిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆమెకి గాభరా ఎక్కువ. పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే మనిషి. అలాంటామె ఆ చలికాలం పిల్లల చేత అపరాధ పరిశోధన కథలు రాయించడానికి పూనుకుంది. మంచుకి దారులు మూసుకుపోయిన ఇంట్లోంచి ఒక అతిథి మాయమయ్యే పాత నవల ఒకటి ఉంది, మా తాతల నాటినుంచీ అందరూ చదువుతున్నదే. సాయంత్రాలు అది చదివి వినిపించి, మీ కథ మన ఊళ్ళోనే జరగాలనేది. రాసేది నిజంగా జరిగే పనేనా అని ముందు చూసుకోమనేది.

ఆరో తరగతి బెగాయిమ్ ఒకరోజు అడిగింది. "అక్కా, గుడారం ఉన్ని చాపల వెనక ఇరుక్కున్న మనిషి అరిస్తే బయటికి వినపడుతుందా?"

తుర్సునై ఏదో తొందరలో ఉంది. "ఏమో, నువ్వే చూసి రాయి" అంది.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. మధ్యాహ్నం వాళ్ళ నాయనమ్మ బురుల్, పిల్లకి రొట్టె పట్టుకొచ్చి, పొద్దున్నే బయల్దేరిందే, ఏదీ అని అడిగింది. వాగు మీద మంచు ఇంకా గట్టిపడలేదు. మగవాళ్ళంతా అటు పరుగెత్తారు.

తుర్సునై అటు పోలేదు. కోటయినా వేసుకోకుండా ఊళ్ళో కొట్టాల తలుపులు తీస్తూ పోయింది. వేసవిలో కొండమీద వేసే గుడారాలూ, వాటిమీద కప్పే మందపాటి ఉన్ని చాపలూ చలికాలం అక్కడే చుట్టిపెట్టి ఉంటాయి. బురుల్‌కి గుడారం లేదు. పిల్ల ఎవరి కొట్టంలో దూరిందో ఎలా తెలుస్తుంది? నేను పేరు పెట్టి పిలవబోతే, పిలిస్తే వినపడుతుందో లేదో, లాగి చూడాల్సిందే అంది. నేనే చూడమన్నాను, నేనే చూడమన్నాను అని గొణుగుతూ ఒక్కో చుట్టా ఈడ్చేసింది.

ఊరి చివర కొట్టంలో చాపల గుట్ట కూలిపోయి ఉంది. ఇద్దరం కలిసి లాగాం. గోడమూల బెగాయిమ్, కాళ్ళమీద బరువుతో, నీలంగా మారిన పెదాలతో మావైపు చూసింది.

"వినపడదక్కా" అంది. "చాలాసేపు అరిచాను."

తుర్సునై పిల్లని ఒళ్ళోకి లాక్కుని నేలమీదే కూలబడింది.

కాలు బెణకడం తప్ప పిల్లకేం కాలేదు. హెడ్మాస్టరు ఎసెన్‌బెక్ ఇక కథలు కట్టిపెట్టమన్నాడు. తుర్సునైకీ అదే కావాలి. ఆ తర్వాత ఎప్పుడు చూసినా క్లాసులో తలలు లెక్కపెడుతూనే ఉండేది.

ఆదివారం బురుల్ ఆమె గుమ్మంలోకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. తుర్సునై గబుక్కున లేచి నిలబడింది.

"తిట్టడానికి రాలేదు, కూర్చో" అంది ముసలామె. "పిల్ల కాలు తగ్గింది, నోరే తగ్గట్లేదు. తన కథలో దొంగెవరో నువ్వు మళ్ళీ రాయిస్తేగానీ తేలదంట. నీ శిష్యురాలికి నామీదా అనుమానమే."

"నాకు భయమేస్తోంది అవ్వా."

"భయపడు, ఎవరొద్దన్నారు? భయపడుతూనే చెప్పు."

ఎసెన్‌బెక్‌ని ఒప్పించే పని కూడా బురులే పెట్టుకుంది. ఏమందో తెలీదు గానీ, వారం తిరక్కుండా కథలు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు ఎవరి కథలో ఏ సందేహం వచ్చినా, చాపల వెనకైనా పెట్టెలోనైనా ముందు తుర్సునైయే వెళ్ళి దూరుతుంది. పిల్లలు బయట నిలబడి, కేక వినపడుతుందేమోనని చెవులు రిక్కించి వింటారు.